కిడ్నీ మార్పిడి తర్వాత బయాప్సీ రిపోర్టు చదవడం ఎలా?

రిపోర్టు చేతికి రాగానే అందరూ చివరి లైనే చూస్తారు: రిజెక్షన్ (శరీరం కొత్త కిడ్నీని పరాయిదని తిరస్కరించడం) ఉందా, లేదా? రోజంతా మైక్రోస్కోపు ముందు కూర్చునేదాన్ని కాబట్టి చెబుతున్నా, పైనుంచి చదవండి. ముందు బయాప్సీలో తీసిన కిడ్నీ ముక్క సరిపోయిందో లేదో చూడాలి. రక్తం వడకట్టే గ్లోమెరులస్‌లు కనీసం 10, ధమనులు 2 ఉంటే ధైర్యంగా మాట్లాడగలం. బాగా తగ్గితే 'రిజెక్షన్ లేదు' అన్నా పూర్తిగా నమ్మలేం.

తర్వాత ఐ, టి, వి స్కోర్లు. 1991లో కెనడాలోని బాన్ఫ్‌లో డాక్టర్లు కూర్చుని మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు. ఎక్కువొస్తే సంబరపడే పరీక్ష మాత్రం కాదు.

ఐ అంటే కిడ్నీలోని సన్నని మూత్రనాళికల మధ్య చోటులో లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) ఎంతమేర చేరాయన్నది. అదొక్కటే ఉంటే నేను కంగారుపడను. నాకు ఎక్కువసేపు పట్టేది టి స్కోరు దగ్గరే. పీఏఎస్ రంగు వేస్తే నాళిక చుట్టూ ఉన్న పొర ముదురు గులాబీ గీతలా తేలుతుంది. టి-సెల్ (లింఫోసైట్లలో ఒక రకం) ఆ గీతకు బయటే ఆగిందా, దాటి లోపలి కణాల మధ్య దూరిందా? దూరితే చుట్టూ తెల్లటి అంచుతో నల్లచుక్కలా దొరికిపోతుంది. దాత కణాల మీది హెచ్ఎల్ఏ ప్రోటీన్లను పరాయివని గుర్తుపట్టి అక్కడిదాకా వచ్చిందది. పెర్ఫోరిన్ అనే ప్రోటీన్‌తో పక్క కణానికి రంధ్రం పెట్టి, గ్రాంజైమ్‌లనే ఎంజైములు లోపలికి పంపి చంపేస్తుంది. బాగా దెబ్బతిన్న నాళిక అడ్డకోతలో ఇలాంటివి 4 దాకా ఉంటే టి1, 5 నుంచి 10 అయితే టి2, 10 దాటితే టి3.

వి మాత్రం 1 ఉన్నా తేలిగ్గా తీసుకోవద్దు. ధమని లోపలి పొర కిందికి కణాలు చేరాయని అర్థం. ఐ, టి తక్కువున్నా రిజెక్షన్ తీవ్రతలో గ్రేడు 2ఏ కిందికే వస్తుంది.

సీ4డీ (యాంటీబాడీలు దాడి చేసినచోట రక్తనాళాల్లో మిగిలే ప్రోటీన్ గుర్తు) పాజిటివ్ అయితే యాంటీబాడీల మీద అనుమానం. రక్తంలో డీఎస్ఏ (దాత కణాలపై పనిచేసే యాంటీబాడీలు) పరీక్ష చేయించారా అని అడగండి. రక్తం గ్రూపు కలవని దాత అయితే రిజెక్షన్ లేకున్నా పాజిటివ్ రావచ్చు.

బీకే వైరస్‌ను పట్టిచ్చే ఎస్‌వీ40 స్టెయిన్ లైను ఉందో లేదో తప్పక వెతకండి. కిడ్నీకి ఈ వైరస్ సోకినా లింఫోసైట్లు అచ్చం ఇలాగే నాళికల్లోకి దూరతాయి. రిజెక్షన్‌కి ఇమ్యూనిటీని అణిచే మందులు పెంచుతారు, బీకేకి తగ్గిస్తారు. ఆ లైను లేకపోతే ఎందుకు లేదో మీ నెఫ్రాలజిస్టునే అడగండి. మందుల డోసు మాత్రం మీ అంతట మీరు మార్చొద్దు.