పాత ఇంజిన్ పాఠాలు - 6: ఎగ్జాస్ట్ వాల్వ్ కాలిందా? హెడ్ విప్పకముందే తేల్చుకుందాం

పోయిన పాఠంలో కంప్రెషన్ గేజ్ (సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే మీటరు) పట్టడం నేర్చుకున్నాం. ఈసారి ఆ అంకెల్ని చదువుదాం. మన బండి పాత అంబాసిడర్, 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్.

ఐడిలింగ్‌లో ఇంజిన్ మిస్సింగ్ కొడుతోంది, ప్లగ్గులు మార్చినా తగ్గలేదు. ముందు సైలెన్సర్ చివర పలచని కాగితం పట్టండి. అది ఎప్పుడూ బయటికే రెపరెపలాడాలి. మధ్యమధ్య లోపలికి లాక్కుంటుంటే ఎగ్జాస్ట్ వాల్వ్‌ని, అంటే సిలిండర్‌లోంచి పొగను బయటికి వదిలే వాల్వ్‌ని, అనుమానించండి. అనుమానమే సుమా, ప్లగ్గు మిస్సయినా ఒక్కోసారి ఇలాగే అవుతుంది.

ఇప్పుడు గేజ్. మిగతా మూడు సిలిండర్లు 120 psi దగ్గర ఉండి, 3వ నంబరు సిలిండర్ 50 చూపిందనుకోండి. ప్లగ్ రంధ్రంలోంచి చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె బాగా పెరిగితే పిస్టన్ రింగులు అరిగినట్టు. పెరగలేదా, లోపం పైన, వాల్వ్‌ల్లోనో హెడ్ గ్యాస్కెట్‌లోనో ఉన్నట్టు. పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోతే మాత్రం ముందు హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కీ ఇంజిన్ బ్లాక్‌కీ మధ్య ఉండే పొర) చూడాలి.

ఇంకా నమ్మకం కుదరకపోతే, ఆ పిస్టన్‌ని కంప్రెషన్ స్ట్రోకులో పైకి తెచ్చి, గేరులో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ప్లగ్ రంధ్రంలోంచి గాలి పట్టండి. సైలెన్సర్‌లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వ్, కార్బురేటర్‌లో అయితే ఇన్‌లెట్. రేడియేటర్‌లో బుడగలొస్తే గ్యాస్కెట్.

మూడోదే ఎందుకన్నానంటే, ఈ హెడ్‌లో 2, 3 సిలిండర్ల ఎగ్జాస్ట్ వాల్వ్‌లు పక్కపక్కనే ఉండి, రెండూ మధ్యనున్న ఒకే దారిలోకి పొగ వదులుతాయి. వేడంతా అక్కడే.

మన దేశంలో 2000 సంవత్సరంలో సీసం కలిపిన పెట్రోల్ ఆగిపోయింది. సీసం వాల్వ్‌కీ, అది మూసుకున్నప్పుడు ఆనుకునే సీటుకీ మధ్య సన్నటి పూతలా ఉండేది. అది లేకపోయేసరికి, హెడ్ ఇనుములోనే కోసిన పాత సీట్లు దూరప్రయాణాల్లో అరిగి, వాల్వ్ కొంచెం కొంచెంగా లోపలికి దిగుతుంది. దాంతో ట్యాపెట్ సందు, అంటే వాల్వ్ కాడకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య ఉండాల్సిన సన్నటి ఖాళీ, మూసుకుపోతుంది.

అందుకే టకటకమనే ట్యాపెట్‌కి నేను అంత భయపడను. సద్దుమణిగిన ట్యాపెట్ అంటేనే నాకు టెన్షన్. నా బండిలో ఒకటి అలాగే నిశ్శబ్దమైపోతే, ఇంజిన్ నునుపుగా నడుస్తోందని సంబరపడ్డాను. హెడ్ దించాక చూస్తే వాల్వ్ అంచున గోరంత ముక్క కరిగిపోయి ఉంది, చుట్టూ తెల్లబడింది. సందు లేక వాల్వ్ సీటు మీద కూర్చోలేదు, వేడి దిగే దారి లేక కాలిపోయింది.

వచ్చే పాఠానికల్లా ఎనిమిది ట్యాపెట్ల సందులూ ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్నటి రేకులతో) కొలిచి రాసి ఉంచండి. లెక్క తొమ్మిది, అంటే తెరుచుకున్న వాల్వ్ నంబరూ కొలిచే వాల్వ్ నంబరూ కలిపితే తొమ్మిది రావాలి: 8వ వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు 1వది కొలవాలి, 6వది తెరుచుకున్నప్పుడు 3వది. ఎగ్జాస్ట్‌లు 1, 4, 5, 8. ఆ నాలుగూ రెండుసార్లు కొలవండి.