మనిషి బొమ్మ కుదరాలంటే తప్పులు చూపించుకోవడం ఎలా?

రోజూ మనిషి బొమ్మలు వేస్తూ కూడా ఏడాది తర్వాత అదే చోట ఆగిపోయినవాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళకు ఓపిక తక్కువ కాదు. వేసినదాన్ని ఇంకొకరికి చూపించడం, వాళ్ళన్న మాటను వాడుకోవడం తెలియదు, అంతే. నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది దాని గురించే. మిగతావి గబగబా చెప్పేస్తాను.

4బి పెన్సిల్, చవక రకం పెద్ద కాగితాలు, అట్ట, క్లిప్పు, కొన్ని ట్రేసింగ్ పేపర్లు, ఒక ఎర్ర పెన్సిల్, గజం దారం, దాని చివర కట్టడానికి ఒక నట్టు. రబ్బరు వద్దు. చేతికి అందేలా ఉంటే చెరపకుండా ఉండలేరు, కాబట్టి వేరే గదిలో పెట్టండి.

ఇంట్లోవాళ్ళనే నిలబెట్టి వేయండి. ముందు అర నిమిషం పోజులు పది, తర్వాత రెండేసి నిమిషాలవి ఐదు, చివర ఇరవై నిమిషాలది ఒకటి. అర నిమిషంలో కళ్ళూ ముక్కూ జోలికి పోకూడదు. తల నుంచి పాదం దాకా ఒళ్ళు ఎటు వంగిందో చెప్పే ఒక గీత, దాని మీద భుజాల వాలు, తుంటి వాలు వస్తే చాలు.

కొలతలు కూడా కొన్నే. పెద్దవాళ్ళ ఎత్తు సుమారు ఏడున్నర తలలు ఉంటుంది (తల అంటే నడినెత్తి నుంచి గడ్డం దాకా). ఏడాది పిల్లలకు నాలుగు తలలే. నిలువులో సగం బొడ్డు దగ్గర కాదు, తొడలు మొదలయ్యే చోట వస్తుంది. చేయి వదిలేసి నిలబడితే మణికట్టు కూడా ఇంచుమించు అక్కడికే వస్తుంది. వేళ్ళతో కలిపి అరచేయి పొడవు, గడ్డం నుంచి జుట్టు మొదలు దాకా ఉండే పొడవు దాదాపు ఒకటే. విగ్రహాలకు మన శిల్పులు వాడే కొలతల పద్ధతి తాలమానంలోనూ ముఖమే కొలబద్ద. అయితే నవతాలం (తొమ్మిది ముఖాల ఎత్తు), దశతాలం (పది ముఖాల ఎత్తు) దేవతామూర్తుల లెక్కలు. కుర్చీలో కూర్చున్న మీ బాబాయిని ఆ లెక్కలో వేయకండి.

ఫోటో మీద గళ్ళు గీసి దించేవాళ్ళకు ఒక మాట. సినిమా బ్యానర్లు చేత్తో వేసే రోజుల్లో వాళ్ళకు గళ్ళు కావాల్సి వచ్చేవి, చిన్న ఫోటోను గోడంత చేయాలి కాబట్టి. నేర్చుకునేవాళ్ళకు మాత్రం అవి చెరుపే చేస్తాయి. గడిలో పడిన గీతను చూస్తారు గానీ మనిషి ఎలా నిలబడ్డాడో చూడరు. గళ్ళతో వంద బొమ్మలు దించినవాళ్ళు కూడా ఎదురుగా మనిషి నిలబడితే తడబడతారు.

ఇక అసలు సంగతి. ఇరవై నిమిషాల బొమ్మ అయ్యాక, మీరు కూర్చున్న చోటి నుంచే, మీ కంటి ఎత్తులోనే, వాళ్ళనడిగి ఒక ఫోటో తీసుకోండి. కనీసం పదడుగుల దూరం ఉండాలి. దగ్గరగా తీస్తే తల పెద్దదై కాళ్ళు చిన్నవవుతాయి, ఆ ఫోటోతో పోల్చుకుంటే కొత్త తప్పులు నేర్చుకుంటారు.

బొమ్మను ఆ రోజే ఎవరికీ చూపించకండి. మర్నాడు ముందు మీరే అద్దంలో చూడండి. ఒక పక్కకు ఒరిగి ఉంటే అద్దంలో ఇట్టే దొరికిపోతుంది. తర్వాత దారం తీసి, బొమ్మను గోడకు పెట్టి, గొంతు గుంట దగ్గర నుంచి వేలాడదీయండి. ఒంటికాలి మీద బరువేసి నిలబడ్డ మనిషికి ఆ దారం ఆ పాదం మీదికే రావాలి. గోడకు ఆనుకున్నవాళ్ళకు ఇది వర్తించదు. బరువు మోసే కాలి వైపు తుంటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందికి దిగుతుంది. గుళ్ళలో త్రిభంగి విగ్రహాల్లో, అంటే ఒళ్ళు మూడు చోట్ల వంచి నిలబడ్డ వాటిలో, ఈ వాలు చక్కగా కనిపిస్తుంది. రాజమండ్రి వెళ్తే దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ చూడండి. ముప్పై ఏళ్ళు నిండకుండానే 1925లో పోయిన మనిషి ఆయన. ఆయన బొమ్మల్లో నిలబడ్డవాళ్ళ బరువు ఏ కాలి మీద ఉందో వెతుకుతూ ఒక పూట గడపండి.

ఆ తర్వాత, మనుషుల్ని చూసి బొమ్మలు వేసే ఒకరికి, మహా అయితే ఇద్దరికి, ముందు బొమ్మ, తర్వాత ఫోటో చూపించండి. "ఎలా ఉంది?" అని అడక్కండి. మొహమాటానికి "బాగుంది" అంటారు, మీరు ఖాళీ చేతులతో తిరిగొస్తారు. ఫోటో చూపించకముందే "బరువు ఏ కాలి మీద ఉంది? ఎటైనా పడిపోతున్నట్టుందా?" అని అడగండి. వాళ్ళు చెబుతున్నంతసేపూ మధ్యలో మాట్లాడకండి. "ఆవిడ అలాగే నిలబడిందండీ" అన్నారంటే ఎదుటివాళ్ళు ఇక నోరు మెదపరు.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఎదుటివాళ్ళకు కనిపించేది తప్పు బయటపడిన చోటు. తప్పు పుట్టింది ఇంకెక్కడో ఉంటుంది. ఎడమకాలి మీద బరువేసి గుమ్మంలో నిలబడ్డ మా చెల్లెలి బొమ్మ వేశాను ఒకసారి. చూసిన ఇద్దరూ ఎడమ చేయి పొట్టిగా ఉందన్నారు. నేను చేయి సాగదీశాను, బొమ్మ ఇంకా పాడైంది. కొలిచి చూస్తే మొదట వేసిన చేయి సరైనదే. ఎడమ భుజం దిగాల్సింది, నేను రెండు భుజాలూ సమంగా వేశాను. చేయి పైనుంచి మొదలవడంతో పొట్టిగా కనిపించింది. అందుకే చేయి బాలేదంటే భుజం చూడండి, కాలు బాలేదంటే తుంటి చూడండి, మెడ బాలేదంటే వెన్ను వంపు చూడండి. ఒకే చోట ఇద్దరు రెండు రకాలుగా చెబితే, కారణాలు రెండూ తప్పు కావచ్చు గానీ ఆ చోట ఏదో ఉందన్నది నిజం.

దిద్దడం బొమ్మ మీద చేయనివ్వకండి. పైన ట్రేసింగ్ పేపర్ పరిచి ఎర్ర పెన్సిల్ వాళ్ళ చేతికివ్వండి. ఇంటికొచ్చాక పాత బొమ్మను మీరూ దిద్దకండి. దిద్దితే ఆ కాగితం బాగుపడుతుంది, మీ చేయి మాత్రం మళ్ళీ అదే గీత గీస్తుంది. కొత్త కాగితం మీద అదే పోజు మొదటి నుంచి మూడుసార్లు వేయండి: ఒకసారి ఫోటో చూసి, ఒకసారి అదే మనిషిని నిలబెట్టి, ఒకసారి ఏమీ చూడకుండా. మూడోదానిలో కూడా భుజం సరిగ్గా దిగితే అప్పుడు అది మీ చేతికి వచ్చినట్టు.

చెప్పిన తప్పులన్నీ ఒకేసారి నెత్తిన పెట్టుకోవద్దు, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. పదిహేను రోజులకు ఒకటే. ప్రతి కాగితం మూల తేదీ, పక్కన "భుజాల వాలు" అని రాసుకుని మొదలుపెట్టండి.

నెల తిరిగాక అదే మనిషిని అదే చోట నిలబెట్టి, పాత బొమ్మ చూడకుండా వేయండి. తేదీలు కనపడకుండా మూలలు మడిచి, రెండు బొమ్మలూ మొదట చూపించిన వాళ్ళకే ఇచ్చి, బరువు ఏ కాలి మీద ఉందో మళ్ళీ అడగండి.