ముఖం మీద ఎర్రదనం: ఫంగసేనా, ఇంకేదైనానా?

వానాకాలం ఉక్కలో, హెల్మెట్ కింద చెమటతో తిరిగే హైదరాబాద్‌లో ఫంగస్‌కు కావలసినవన్నీ ఉంటాయి. కానీ ముఖం మీద ఎరుపంతా ఫంగస్ కాదు. ముందు దాని ఆకారం, చోటు చూడండి.

ఒకవైపు గుండ్రటి మచ్చ, అంచు ఉబ్బి పొట్టు, దురద
ఇది తామర కావచ్చు. చాలాసార్లు ఒంటి మీద, గజ్జల్లో ఉన్న తామరే చేతుల ద్వారా, తువ్వాలు ద్వారా ముఖానికి పాకుతుంది. పెంపుడు పిల్లి, కుక్కపిల్ల నుంచీ అంటుతుంది. డాక్టర్ పొట్టు గీకి, ఫంగస్ ఉందేమో మైక్రోస్కోప్ కింద చూస్తారు, దీన్నే కేఓహెచ్ పరీక్ష అంటారు. ఇచ్చిన మందు మచ్చ అంచు దాటేలా రాయాలి, చెప్పినన్ని రోజులూ వాడాలి. దురద పోగానే ఆపేస్తే మళ్లీ వస్తుంది. టెర్బినాఫిన్ అనే ఫంగస్ మందుకు లొంగని తామర మన దేశంలో పెరిగింది కాబట్టి సొంతంగా మాత్రలు కొనొద్దు. ఒంటి మీది తామరకు కూడా అదే సమయంలో వైద్యం జరగాలి.

ముక్కు పక్కల, కనుబొమల్లో ఎరుపు, జిడ్డు పొట్టు, తలలో చుండ్రు
ఇది సెబోరిక్ డెర్మటైటిస్. అందరి చర్మం మీదా ఉండే మలసేజియా అనే ఈస్ట్‌కు (ఒక రకం ఫంగస్) దీనితో సంబంధం ఉంది. అంటుకోదు. కెటోకొనజోల్ షాంపూ తలకు పట్టించి, ఐదు నిమిషాలాగి కడిగితే తగ్గుతుంది. ముఖానికి క్రీమ్ డాక్టర్ చెబుతారు. టెన్షన్, నిద్రలేమి ఉన్నప్పుడు తిరగబెడుతుంది.

ట్యూబ్ రాస్తే తగ్గి, ఆపగానే రెట్టింపు
నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. "అన్నా, మొహం ఎర్రబడింది, ఏదైనా క్రీమ్ ఇవ్వు" అని మెడికల్ షాపులో అడిగితే చేతికొచ్చే ట్యూబులో తరచూ స్టెరాయిడ్ ఉంటుంది. అది దురదను, ఎరుపును అణుస్తుంది, ఫంగస్‌ను మాత్రం పెరగనిస్తుంది. మచ్చ ఆకారం మారిపోయి డాక్టర్‌కే గుర్తుపట్టడం కష్టమవుతుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, సన్నటి రక్తనాళాలు కనిపిస్తాయి, మొటిమలు లేస్తాయి. తెల్లబడటానికి రాసే కొన్ని క్రీముల్లోనూ ఇదే ఉంటుంది. ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ లాంటి స్టెరాయిడ్ పేర్లు ఉన్నాయేమో చదవండి. చాలాకాలంగా రాస్తుంటే ఎలా ఆపాలో చర్మవైద్యులను అడగండి, ఆపిన కొత్తలో ఎరుపు, మంట పెరుగుతాయి.

పొట్టు లేదు, ఎండకో వేడి టీకో కారానికో చెంపలు కందిపోతాయి
ఇది రోజేషియా అనే చర్మ సమస్య కావచ్చు, ఫంగస్ కాదు. ముక్కు మీదుగా రెండు చెంపలకూ ఎరుపు పరుచుకుని, కీళ్లనొప్పులు, జ్వరం కూడా ఉంటే లూపస్ (రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదే దాడిచేసే జబ్బు) అనుమానించాలి, ఆలస్యం చేయొద్దు.

గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగం ఉంది. వెళ్లేటప్పుడు ఇంతవరకు రాసిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, వెంట తీసుకెళ్లండి.