కౌంటీ ఆదాయాల లెక్క – 3వ పాఠం: నడిమి ఇల్లు ఎక్కడుంది, ఎటు జరిగింది?

రెండో పాఠం చివర ఒక చిక్కు వదిలాను. అమెరికాలో పక్కపక్కనే ఉన్న రెండు కౌంటీలలో (మన జిల్లాల్లాంటివి) కుటుంబ ఆదాయ మధ్యగతాలు, అంటే ఆదాయాలను వరుసలో పెడితే నడుమ నిలిచే ఇంటి ఆదాయాలు, 48,000, 80,000 డాలర్లు. రెండూ కలిపితే మధ్యగతం ఎంత? 64,000 అని రాసుకున్నవారు ఆ కాగితం చించేయవచ్చు. ఇళ్ల సంఖ్యను బట్టి భారాలిచ్చి సగటు తీసినవారు కాస్త ఎక్కువ కష్టపడ్డారు, అంతే.

మూడేసి ఇళ్లతో చూద్దాం. మొదటి కౌంటీలో ఆదాయాలు 40, 48, 50 వేలు. రెండోదానిలో 45, 80, 90 వేలు. ఆరింటినీ ఒకే వరుసలో నిలబెట్టండి: 40, 45, 48, 50, 80, 90. నడుమ నిలిచేవి 48, 50. అంటే మధ్యగతం 49,000. మధ్యగతం వరుసలో ఒక చోటు. వరుస మారితే దాన్ని మళ్లీ వెతకాల్సిందే.

అసలు కౌంటీలో ప్రతి ఇంటి ఆదాయమూ మన చేతికి రాదు. అమెరికా సెన్సస్ బ్యూరో నడిపే అమెరికన్ కమ్యూనిటీ సర్వేలో బి19001 పట్టిక తీయండి. ఆదాయాన్ని 16 తరగతులుగా విడగొట్టి ఒక్కోదానిలో ఎన్ని ఇళ్లున్నాయో చెబుతుంది. కలపాల్సిన కౌంటీల సంఖ్యలను తరగతివారీగా కూడండి. ఆ తరువాత బడిలో పదో తరగతి సాంఖ్యకశాస్త్రంలో బట్టీపట్టిన సూత్రమే. అప్పట్లో అది ఎందుకో ఎవరూ చెప్పలేదు, ఇందుకే.

మొత్తం 1,000 ఇళ్లనుకుందాం. 60,000 డాలర్ల లోపు 480 ఇళ్లు, 60,000 నుంచి 75,000 దాకా ఉన్న తరగతిలో 100 ఇళ్లు. మనకు కావలసింది 500వ ఇల్లు. తరగతిలోకి 20 ఇళ్లు లోపలికి నడవాలి. తరగతి పొడవు 15,000 కనుక 60,000 + (20 ÷ 100) × 15,000 = 63,000. తరగతిలో ఆదాయాలు సమంగా పరుచుకున్నాయని ఇక్కడ మనం ఊహిస్తున్నాం. చివరి తరగతికి, అంటే 200,000, ఆ పైనకు, పై హద్దు లేదు. మధ్యగతం అందులో పడితే ఈ సూత్రం పనిచేయదు.

ఇక కాలం సంగతి. జనాభా 65,000 దాటిన ప్రాంతాలకే ఈ సర్వే ఏడాది అంచనాలు ఇస్తుంది. మిగతావాటికి ఐదేళ్ల నమూనాను కలిపి ఒకే అంకె. 2020 జనగణనలో 64 మందే తేలిన టెక్సస్‌లోని లవింగ్ కౌంటీకి మరో దారి లేదు మరి. అదే టెక్సస్‌లోని ఫ్రిస్కో నగరంలో స్థిరపడిన మన తెలుగువాళ్ల కాలిన్, డెంటన్ కౌంటీలకు ఈ ఇబ్బంది లేదు.

2018–2022 అంకెను 2019–2023తో పోల్చకండి. నాలుగేళ్ల నమూనా రెండింటిలోనూ ఉంది. 2014–2018ని 2019–2023తో పోల్చండి. మొదటిది 2018 డాలర్లలో, రెండోది 2023 డాలర్లలో ఉంటుంది. ఒక కౌంటీలో మధ్యగతం 52,000 నుంచి 63,000కు చేరిందనుకోండి. 21 శాతం పెరిగిందని సంబరపడతాం. వినియోగదారుల ధరల సూచీ 2018లో 251.107, 2023లో 304.702. నిష్పత్తి 1.2134. పాత 52,000 విలువ 2023 డాలర్లలో సుమారు 63,100! పెరుగుదల మొత్తం ధరలు మింగేశాయి.

అయితే వంద డాలర్లు తగ్గిందని రాయవచ్చా? పొరపాటు హద్దు చూడండి, అంటే నమూనా వల్ల అంకె అటూ ఇటూ ఎంత ఊగవచ్చో చెప్పేది. మొదటి అంకెకు ±3,000 ఉంటే దాన్నీ 1.2134తో గుణించాలి: 3,640. చాలామంది ఇక్కడే మరచిపోతారు. రెండోదానికి ±4,000. వర్గాలు కూడి వర్గమూలం తీస్తే సుమారు 5,400. వంద డాలర్ల తేడాకు 5,400 హద్దు. మార్పు ఉందని చెప్పలేం. ఈ హద్దులు 90 శాతం విశ్వసనీయతతో ఇచ్చినవి. ప్రామాణిక దోషం (ఆ ఊగిసలాటకే మూల కొలత) కావాలంటే 1.645తో భాగించండి.

చిన్న కౌంటీకి ఏటేటా అంకె కావాలంటే అదే బ్యూరో ఇచ్చే చిన్న ప్రాంతాల ఆదాయ, పేదరిక అంచనాలు ఉన్నాయి. సర్వే అంకెకు పన్ను రిటర్నులు, ఆహార సాయం వంటి రికార్డుల నుంచి మోడల్ వేసిన అంచనాను జోడిస్తారు. నమూనా ఎంత చిన్నదైతే మోడల్ వైపు అంత మొగ్గు. వీటిలో 2005 ఒక అతుకు. అప్పటి నుంచి ఆధారం అమెరికన్ కమ్యూనిటీ సర్వే, అంతకుముందు వేరే సర్వే. అతుకు దగ్గర కనిపించే గెంతును ఆర్థిక వ్యవస్థకు అంటగట్టకండి.

కౌంటీలూ నిలకడగా ఉండవు. దక్షిణ డకోటాలోని షానన్ కౌంటీ 2015లో ఓగ్లాలా లకోటా కౌంటీ అయింది, పట్టికల్లో కౌంటీని గుర్తించే సంకేత సంఖ్యా మారింది. పట్టికలు కలిపేటప్పుడు అక్కడ ఖాళీ గడి వస్తే కంప్యూటర్‌ను తిట్టకండి. కనెటికట్ రాష్ట్రంలోనైతే 2022 నుంచి కౌంటీల స్థానంలో ప్రణాళికా ప్రాంతాలే లెక్కలోకి వస్తున్నాయి. వాటి హద్దులు పాత కౌంటీలతో సరిపోవు.

అభ్యాసం: పక్కపక్కనున్న రెండు కౌంటీలు ఎంచుకుని, పై రెండు ఐదేళ్ల కాలాలకూ ఉమ్మడి మధ్యగతం కట్టండి. పాతదాన్ని 2023 డాలర్లలోకి మార్చడం తరగతులు కూడక ముందా, సూత్రం వేశాక చివర్లోనా? జవాబుతో నాలుగో పాఠం మొదలుపెడదాం.