పళ్ళు లెక్కపెట్టాకే ఫ్లైవీల్ కొనండి

నా 1979 షెవర్లే సీ-10 ట్రక్కులో 305 ఇంజిన్ (ఈ అంకె క్యూబిక్ అంగుళాల్లో ఇంజిన్ సైజు) పొగ కక్కడం మొదలెట్టింది. దాన్ని దించేసి, 1997 టాహోలోంచి తీసిన 350 వోర్టెక్ ఇంజిన్ పెట్టాను. డాలస్ దగ్గర మా ఇంటి గరాజ్‌లో, శని ఆదివారాల్లో. పాత ఇంజిన్ ఒక్కపూటలో దిగింది. క్లచ్, ఫ్లైవీల్ (ఇంజిన్ వెనక తిరిగే పళ్ళ చక్రం), సెల్ఫ్ మోటారు ఒకదానికొకటి కుదరడానికి మాత్రం మూడు వారాలు పట్టింది. అందులో రెండు వారాలు నా తొందరపాటుకే ఖర్చయ్యాయి.

విజయవాడ ఆటోనగర్‌లో మా మేనమామ లారీ స్పేర్లకి వెళ్ళినప్పుడల్లా పాత ముక్కని పేపర్లో చుట్టి చంకలో పెట్టుకెళ్ళేవాడు. "నోటితో చెప్తే నోటికొచ్చింది ఇస్తార్రా" అనేవాడు. ఇక్కడ అమెరికాలో స్పేర్ల షాపు కౌంటర్ దగ్గర ముందు అడిగేది బండి ఏ సంవత్సరానిదని. ఇంజిన్ మార్చిన బండికి ఆ ప్రశ్నే తప్పు. నా బండి 1979, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇంజిన్ ప్రధాన షాఫ్ట్) 1997, గేర్‌బాక్స్ ఎస్ఎమ్ 465 అనే మాన్యువల్ రకం. ఏది చెప్పాలి? ఏదీ చెప్పకండి, కొలతలు చెప్పండి.

క్రాంక్‌తో మొదలుపెట్టండి. చిన్న వీ8 షెవీల్లో 1985 దాకా క్రాంక్ వెనక ఆయిల్ కారకుండా ఆపే సీలు రెండు ముక్కలు, 1986 నుంచి ఒకే ముక్క. తేడా ఆయిల్ కారడం దగ్గరే ఆగిపోదు. ఫ్లైవీల్ బిగించే ఆరు బోల్టుల వలయం పాతవాటికి 3.58 అంగుళాలు, కొత్తవాటికి 3 అంగుళాలు. ఎదురెదురు రంధ్రాల నడిమధ్యలకి స్కేలు పెడితే నిమిషంలో తేలిపోతుంది. నేను స్కేలు పెట్టకుండా పాత 305 ఫ్లైవీల్ ఎత్తి క్రాంక్‌కి ఆనించాను. అది బరువైన ఇనప చక్రం. గుండెల మీద మోసుకుంటూ రంధ్రాలు కలవట్లేదేమిటా అని పావుగంట తిప్పాను.

రంధ్రాలు కొత్తవి వేయిస్తే సరిపోదా అని ఎవరైనా అంటే వినకండి. పాత క్రాంక్ వెనక అంచులోనే బ్యాలెన్స్ బరువు ఉండేది. ఒకే ముక్క సీలు కోసం ఆ అంచుని గుండ్రంగా చేసేసరికి, ఆ బరువు ఫ్లైవీల్ మీదికి మారింది. కాబట్టి 1986 తర్వాతి 305, 350లకి ఒక పక్క బరువున్న ఫ్లైవీలే కావాలి. 400 ఇంజిన్ బరువు మళ్ళీ వేరు, దాని ఫ్లైవీల్ దీనికి తగిలించకండి.

ఇప్పుడు నా రెండో తప్పు. వలయం 3 అంగుళాలు, బరువు ఉంది, ధర తక్కువ అని ఒక ఫ్లైవీల్ తెప్పించాను. పళ్ళు లెక్కపెట్టలేదు. షెవీ ఫ్లైవీళ్ళు రెండు సైజులు: 153 పళ్ళది 12¾ అంగుళాలు, 168 పళ్ళది 14 అంగుళాలు. నాకొచ్చింది చిన్నది. నా 11 అంగుళాల క్లచ్‌కి దాని మీద చోటే లేదు. సెల్ఫ్ కొడితే పినియన్ (సెల్ఫ్ మూతి దగ్గరి చిన్న పళ్ళ చక్రం) గాల్లో తిరిగింది, రింగ్ గేర్‌ని, అంటే ఫ్లైవీల్ చుట్టూ ఉన్న పళ్ళని, తాకనే లేదు.

ఎందుకంటే సెల్ఫ్ మూతి కూడా రెండు రకాలు, నాది 168 పళ్ళదానికి చేసింది. 153కి రెండు బోల్టులూ ఒకే వరసలో పక్కపక్కనే ఉంటాయి. 168కి ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి. చాలా బ్లాకులకి రెండు రకాలకీ రంధ్రాలుంటాయి, కొన్నిటికి ఒకే రకం. సెల్ఫ్ కొనేముందు ఇంజిన్ కిందికి దూరి చూడండి. బోల్టులు కూడా మెడ దగ్గర గరుకు గీతలున్నవే వాడాలి. సెల్ఫ్‌ని కదలకుండా పట్టుకునేది ఆ గీతలే. మామూలు హార్డ్‌వేర్ బోల్టు వేస్తే ఆరు నెలల్లో పళ్ళు నములుతుంది.

బెల్ హౌసింగ్ (ఫ్లైవీల్, క్లచ్‌ల మీది గిన్నె లాంటి తొడుగు) కూడా సైజు చూడాల్సిందే, 153కి చేసిన దాంట్లో 168 పట్టదు.

క్లచ్ ప్లేటు బయటి కొలత ఫ్లైవీల్‌ని బట్టి, లోపలి పళ్ళు గేర్‌బాక్స్ షాఫ్ట్‌ని బట్టి. నా ఎస్ఎమ్ 465కి 1⅛ అంగుళాల షాఫ్ట్, 10 పళ్ళు. అదే 1⅛ మందంలో 26 పళ్ళ షాఫ్టులూ ఉన్నాయి, కాబట్టి మందం ఒక్కటీ చెప్పి ఊరుకోవద్దు. ప్లేటుని షాఫ్ట్ మీద చేత్తో జారించి చూడండి, తర్వాతే ప్రెషర్ ప్లేటు (క్లచ్ ప్లేటుని ఫ్లైవీల్‌కి అదిమేది) బిగించండి. ప్రెషర్ ప్లేటు వేళ్ళు చదునుగా ఉంటే పొడుగు రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే ఆ వేళ్ళని నొక్కేది), పైకి వంగి ఉంటే పొట్టిది. ఇది తారుమారైతే పెడల్ ఎంత సర్దినా దారికి రాదు.

ఆటోమేటిక్ బండిలోంచి వచ్చిన ఇంజిన్‌కి క్రాంక్ మధ్య పైలట్ బుష్ (గేర్‌బాక్స్ షాఫ్ట్ కొసని పట్టే చిన్న గొట్టం) ఉండదు. కొత్తది కొట్టాలి. కంచుదే కొనండి, అయస్కాంతం అంటుకుంటే తిరిగి ఇచ్చేయండి.

చివరగా సెల్ఫ్ దూరం. బ్యాటరీ వైరు తీసేసి, స్క్రూడ్రైవర్‌తో పినియన్‌ని ముందుకి లాగి రింగ్ గేర్‌లో కూర్చోబెట్టండి. పినియన్ పంటి కొసకీ, రింగ్ గేర్ గాడి అడుక్కీ మధ్య 20 నుంచి 35 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఖాళీ ఉండాలి. వైర్ గేజ్ దూర్చి చూడండి. ఫ్లైవీల్ తిప్పుతూ మూడు చోట్లయినా చూడాలి. ఇంజిన్ అందుకోకముందే, సెల్ఫ్ తిరిగేటప్పుడు కీచుమంటే ఖాళీ ఎక్కువైనట్టు. అందుకున్నాక తాళం వదిలేటప్పుడు కీచుమంటే తక్కువైనట్టు. తక్కువైతే రెండు బోల్టుల కిందా షిమ్ (పల్చటి రేకు ముక్క) వేయాలి. ఎక్కువైతే బయటి బోల్టు కింద మాత్రమే.

నాకు రెండింటి కిందా ఒక్కో షిమ్ పడింది. కింది డస్ట్ కవర్ మాత్రం అప్పుడే బిగించకండి. నేను తొందరపడి బిగించి, ఆ షిమ్ కోసం మళ్ళీ వీపు కింద అట్ట వేసుకుని దూరాల్సి వచ్చింది.