కడుపుతో ఉన్నప్పుడు కల్లు కూడా వద్దు
నెల తప్పిందని అనుమానం వచ్చిన రోజే గ్లాసు పక్కన పెట్టేయండి. కోనసీమలో "తాటికల్లు చలవే కదా, బ్రాందీ కాదుగా" అంటారు, కానీ పులిసిన కల్లులో ఉన్నదీ ఆల్కహాలే, అది మాయ దాటి బిడ్డ రక్తంలోకి వెళ్తుంది, 5 నుంచి 10 వారాల మధ్య తాగిన ప్రతి వారం గర్భస్రావం ముప్పు పెరుగుతూ పోయిందని 2020లో వచ్చిన అమెరికా పరిశోధనలో తేలింది. ఇంతవరకు పర్లేదనే కొలత లేదు. సంక్రాంతికి బంధువులు బలవంతపెడితే కొబ్బరిబొండం అడగండి. తెలియక ముందే తాగేశారా? మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, డాక్టరుకు దాచకుండా చెప్పండి. రోజూ బాగా తాగే అలవాటుంటే మాత్రం ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ఆసుపత్రిలో చూపించుకునే మానాలి. రక్తం కనిపించినా, పొత్తికడుపులో గట్టిగా నొప్పి వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి.