వెబ్‌సైటు బిల్లు మధ్యలో పెరిగిందా? ముందు మ్యాటర్ చూడండి

సమస్య: కొటేషన్ ఒప్పుకున్నారు, అడ్వాన్స్ ఇచ్చారు, డిజైన్ కూడా నచ్చింది. నెల తిరిగేసరికి ఏజెన్సీ నుంచి ఫోన్: "ఇంకొంత ఎక్స్‌ట్రా అవుతుందండీ." మీకు కోపం, వాళ్లకు టెన్షన్. ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ షాపులకు ఏళ్లుగా సైట్లు చేస్తున్నాను. ఈ గొడవ వచ్చాక అందరూ రేటు గురించే మాట్లాడతారు, మ్యాటర్, అంటే సైటులో పెట్టే రాత, ఏ ఫాంట్‌లో ఉందో మాత్రం చూడరు.

కారణం: మన వైపు సైటంటే ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడూ కావాలి. "మ్యాటర్ రెడీ" అంటారు యజమాని. నిజంగానే ఉంటుంది, కానీ అది పాంప్లెట్ కోసం ప్రెస్సులో అను ఫాంట్లలోనో ఆకృతి ఫాంట్లలోనో కొట్టించిన పేజ్‌మేకర్ (ప్రింటుకు పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్) ఫైలు. ఆ పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల చోట మన అక్షరాల బొమ్మలు చూపిస్తాయి. ప్రింటుకు బాగుంటుంది. సైటులో పెట్టగానే బొమ్మలు పోయి పిచ్చి గుర్తులు మిగులుతాయి. అక్కడ ప్రతి భాష అక్షరానికీ సొంత కోడ్ ఉండే యూనికోడే పనికొస్తుంది.

ఒక పట్టుచీరల షాపుకి నేను కొటేషన్‌లో "మ్యాటర్ క్లయింట్ ఇస్తారు" అని రాసి ఊరుకున్నాను. ఆయన ఇచ్చారు, 60 పేజీలు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేస్తే ఒత్తులన్నీ చెదిరిపోయాయి. తెలుగు నేనే దిద్దుకున్నాను, ఒడియాకు వేరే మనిషిని పెట్టాల్సి వచ్చింది. ఆ డబ్బు ఎవరిదన్న మాట మీద రెండు నెలలు సైటు ఆగింది. ఆయన మాట తప్పలేదు. ఏ ఫాంట్‌లో అని నేనే అడగలేదు.

పరిష్కారం: ప్రెస్సు కంప్యూటర్‌లోనే ఆ ఫైలు తెరిపించి, రెండు లైన్లు కాపీ చేసి వాట్సాప్‌లో మీ ఫోన్‌కు పంపించుకోండి. తెలుగు తెలుగులా, ఒడియా ఒడియాలా వస్తే సరే. గుర్తులు వస్తే టైపింగ్ ఖర్చు ఉన్నట్టే. నిమిషం పని, దయచేసి అడ్వాన్సుకు ముందే చేయండి. తర్వాత భాషకు ఎన్ని పేజీలు, పేజీకి టైపింగ్ ఎంత, ప్రూఫ్ ఎవరు చూస్తారు అన్నవి కొటేషన్‌లో విడివిడిగా రాయించండి.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు డిజైన్ డబ్బునూ టైపింగ్ డబ్బునూ కలిపి మాట్లాడకండి. ఇంగ్లీషు పేజీలతో సైటు తెరిచేసి, మిగతావి తయారైనకొద్దీ చేర్చించుకోండి.

మ్యాటర్ బాగానే ఉండి బిల్లు పెరిగితే, 18 శాతం జీఎస్టీ కలపకుండా రేటు చెప్పి ఉంటారు, లేదా డొమైన్ (సైటు పేరు), హోస్టింగ్ (సైటు ఉండే సర్వర్ చోటు) డబ్బు ఏటా కట్టాలని చెప్పి ఉండరు. ఒక్క ఫోన్‌తో తేలిపోతాయి. వైజాగ్ ఏజెన్సీ బిల్లులో ఐజీఎస్టీ అని కనిపిస్తే కంగారు పడకండి, రాష్ట్రం మారినందుకు పేరు మారింది, పన్ను అంతే.